తానొకటి తలచిన... డాక్టర్ క్లౌ దొరగారి జీవితము



క్లౌ దొరగారి పేరు వినని తెలుగు బాప్టిస్టు ఇల్లు ఉండదు. ఒంగోలు అనగానే ఆయన పేరు, ఆయన పేరు చెప్పగానే ఒకే దినమున 2,222 మంది పొందిన బాప్తిస్మము మనకు జ్ఞాపకమునకు వస్తాయి. ఆదివారపు బడి పిల్లలు కూడ ఆ అంకెను తడుముకోకుండ చెబుతారు. అయితే ఆ దినమునకు ముందు ఏమి జరిగినది, తర్వాత ఏమి జరిగినది అని అడిగితే పెద్దలలోనే చాలమంది ఆలోచనలో పడతారు. అందుచేత ఈ సంచికలో ఆయన జీవితమును మొదటినుండి చివరివరకు చెప్పదలచినాము. ఇప్పుడే చెప్పుటకు ఒక కారణము కూడ ఉన్నది.

మన కామాటిపుర గల్లీలలో నలుగురు తెలుగువారు కూడిన చోట తరచు వినిపించే మాటలు మీకు తెలియనివి కావు. ఈ పాత చాళ్ళు పడగొట్టి కొత్త బిల్డింగులు కట్టి, ఖోలీకి బదులు ఫ్లాటు చేతికి వచ్చిన దినమున మన కష్టములన్నీ తీరినట్టే అని ఒకరు అంటారు. పగిడీ ఖోలీ చేయి జారితే ఇక బ్రతుకే లేదని ఇంకొకరు అంటారు. కొడుకు గల్ఫుకు పోతే చాలునని ఒక తల్లి, ఊరిలో రెండెకరములు కొనుక్కొని తిరిగి పోతే చాలునని ఒక తండ్రి. ఇవి ఊరక పొద్దు పుచ్చుకొను మాటలు కావు. వీటిని నమ్మి మనవారు అప్పులు చేస్తున్నారు, ఖోలీలు అమ్ముతున్నారు, పిల్లల పెండ్లిండ్లు నిశ్చయిస్తున్నారు, ఏండ్ల తరబడి కూడుకొన్న సంఘమును విడిచి దూరము పోతున్నారు.

ఫలానాది జరిగితే సుఖపడతాము, ఫలానాది జరిగితే నాశనమైపోతాము అని మనము వేసుకొను ఈ లెక్క ఎంతవరకు నిజమవుతుంది? క్లౌ దొరగారి జీవితములో ఇటువంటి లెక్క నాలుగు సార్లు తలక్రిందులైనది. ఆ నాలుగును వరుసగా చూద్దాము.

గొలుసు పట్టిన చేతులు

జాన్ ఎవరెట్ క్లౌ 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రములో, ఫ్రూస్‌బర్గ్ అనే గ్రామము దగ్గర పుట్టారు. బ్రతుకుతెరువు కొరకు ఆ కుటుంబము పడమటి దిక్కుగా కదిలి అయోవా రాష్ట్రము చేరినది. కాబట్టి ఆయన కూడ మనవలె వలస వచ్చిన ఇంటి బిడ్డయే.

యౌవనములో ఆయన మిన్నెసోటా ప్రాంతములో ప్రభుత్వ భూములు కొలుచు సర్వే గుంపులో పని చేశారు. అడవిలో, మంచులో గొలుసు లాగి హద్దులు నిర్ణయించు పని అది. అందులోనే పైకి రావాలని ఆశించారు. అది కుదరలేదు. తర్వాత న్యాయవాది కావాలనుకొన్నారు. ఆ తలంపుతో బర్లింగ్‌టన్ పట్టణములోని బాప్టిస్టు విద్యాలయములో చేరారు. అప్పటికి ఆయనకు భక్తి అంటే పట్టదు. తన గదిలో ఉన్న తోటి విద్యార్థి ప్రార్థన చేసుకొనుట చూడలేక, గది మధ్య సుద్దముక్కతో గీత గీసి, ఆ ప్రార్థనలు అవతలి వైపే ఉంచుకొమ్మన్నారని చెబుతారు. ఆ గీత నిలువలేదు. 1858లో ఆయన మిస్సిసిపి నదిలో బాప్తిస్మము పొందారు. న్యాయవాద వృత్తి మాట పోయి సువార్త పని ముందుకు వచ్చినది.

ఆ దినములలో ఆయనను ఎరిగినవారు లెక్క వేసి ఉంటే ఏమి తేలును? గొలుసు పట్టి నేర్చుకొన్న విద్య వృథా, న్యాయవాదిగా రావలసిన పేరు, డబ్బు వృథా. బోధకునికి సర్వే ఎందుకు? ఇది మొదటి లెక్క. ఇది ఎక్కడ తప్పినదో తెలియుటకు ఇరవై ఏండ్లు పట్టినది.

ఆరిపోతుందనుకొన్న నక్షత్రము

క్లౌ దొరగారు పుట్టిన ఆ 1836లోనే అమెరికా బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే దొరగారు మన దేశమునకు వచ్చారు. ఆయన 1840లో నెల్లూరు చేరి పని స్థాపించారు. ఏండ్లు గడిచినా విశ్వాసుల సంఖ్య పెరగలేదు. ఇంత ధనము, ఇన్ని ప్రాణములు పోసి ఈ మిషను నడపనేల, మూసివేయుట మంచిది కాదా అని అమెరికాలో ఒకటికి రెండు సార్లు చర్చించారు. 1853లో ఆల్బనీ నగరములో జరిగిన చర్చ తర్వాతనే తెలుగు మిషనుకు ఒంటరి నక్షత్రము అనే పేరు స్థిరపడినది. 1862లో మరల మూసివేత మాట వచ్చినప్పుడు, సెలవుపై వెళ్ళి ఉన్న లైమన్ జ్యూయెట్ దొరగారు ఒప్పుకోలేదు. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద దొరసానిగారితోను, కొద్దిమంది తెలుగు విశ్వాసులతోను మోకరించి ప్రార్థించినది ఈ జ్యూయెట్ దొరగారే. మన ప్రార్థన కొండ అదే.

జ్యూయెట్ దొరగారి తోడుగా వచ్చుటకు క్లౌ దొరగారు, హ్యారియెట్ దొరసానిగారు 1864 నవంబరు 30న బోస్టన్‌లో చిన్న ఓడ ఎక్కి 1865 ఏప్రిల్‌లో మద్రాసు తీరము చేరారు. తెలుగు నేర్చుకొన్నారు. 1866 సెప్టెంబరులో, అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండిన ఒంగోలులో కాపురము పెట్టారు. 1867 జనవరి 1న అక్కడ ఎనిమిది మందితో సంఘము ఏర్పడినది.

ఖాళీ అయిన బడి

ఒంగోలులో బ్రాహ్మణులు, వర్తకులు మొదట దొరగారిని ఆదరించారు. తమ పిల్లలను బడికి పంపారు. ఊరి పెద్దలు కలిసివస్తే దేశమంతా వెనుక నడచునని ఆ రోజులలో చాలమంది మిషనరీల నమ్మకము. దొరగారి ఆశ కూడ అదే.

అదే సమయమున తాళ్ళకొండపాడు అనే పల్లెలో యర్రగుంట్ల పేరయ్యగారు ఉన్నారు. మాదిగ కులమున పుట్టి, తోళ్ళ వ్యాపారము చేస్తూ, యోగసాధనలో సత్యము వెదకినవారు. వ్యాపారము మీద ఉత్తర ప్రాంతమునకు వెళ్ళినప్పుడు క్రీస్తును గూర్చి విని, 1866లో జ్యూయెట్ దొరగారి చేత బాప్తిస్మము పొంది, తన వారికి తానే చెప్పుకొంటూ పోయారు. 1867 జనవరిలో క్లౌ దొరగారు ఆ పల్లెకు వెళ్ళేసరికి పేరయ్యగారు సిద్ధపరచిన జనము కాచుకొని ఉన్నారు. ఐదు దినములలో 28 మంది బాప్తిస్మము పొందారు.

మాదిగ యువకులు చదువు కొరకు మిషను బడికి రాగానే చిక్కు వచ్చినది. వారు వస్తే మేము రాము అని పై కులములవారు తేల్చి చెప్పారు. దొరగారు ఎవరినో ఒకరిని ఎన్నుకొనవలసి వచ్చినది. ఆయన ఒక గదిలో, దొరసానిగారు మరొక గదిలో, ఒకరికి తెలియకుండ ఒకరు బైబిలు తెరిచారు. ఇద్దరికీ ఎదురుపడినది కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయములో, దేవుడు లోకములో నీచులైనవారిని ఏర్పరచుకొనుటను గూర్చిన భాగమే. ఇద్దరూ బయటికి వచ్చి చెప్పుకొన్నప్పుడు గాని ఆ సంగతి తెలియలేదు. బీదలను పంపివేయలేదు. పై కులముల పిల్లలు వెళ్ళిపోయారు. బడి ఖాళీ అయినది.

ఇది రెండవ లెక్క. ఊరిలో పరపతి పోయినది, ఆశించిన మార్గము మూసుకొన్నది. ఇక పని సాగదు, ఇక్కడి బ్రతుకు దుఃఖమే అని ఆ సాయంకాలము ఎవరైనా అనుకొని ఉందురు. జరిగినది వేరు. పల్లె వెంబడి పల్లె తలుపు తెరిచినది. 1872లో రామాపట్నములో బోధకుల తర్ఫీదు కొరకు వేదాంత పాఠశాల పెట్టవలసినంతగా పని పెరిగినది. పదేండ్లు తిరిగేసరికి ఎనిమిది మంది సంఘము మూడు వేలు దాటినది.

దొరగారి ఊహ తప్పిన చోటు గమనించండి. పోయినది ఆయనకు స్పష్టముగా కనబడినది, ఎందుకనగా అది కండ్ల ఎదుటనే ఉండి పోయినది. రావలసినది ఇంకా పల్లెలలోనే ఉండెను గనుక దానిని ఆయన లెక్కలో వేసుకొనలేకపోయారు.

కరువు, కాలువ

1876 మొదలుకొని 1878 వరకు దక్షిణ దేశమున మహా కరువు వచ్చినది. చనిపోయినవారు యాభై లక్షలకు పైన అని అంచనా. ఒంగోలు ప్రాంతములో పశువులు పోయినవి, విత్తనపు గింజలు కూడ తినివేశారు. మొదట దెబ్బ తగిలినది భూమి లేని కూలివారికి.

పని కల్పించుటకు ప్రభుత్వము బకింగ్‌హామ్ కాలువ త్రవ్వించుచుండెను. దానిలో మూడు మైళ్ళకు పైగా త్రవ్వు కాంట్రాక్టును క్లౌ దొరగారు తీసుకొన్నారు. కొలత వేయుట, మట్టము చూచుట, హద్దు గీయుట ఆయనకు వచ్చును గదా! మిన్నెసోటా మంచులో నేర్చుకొన్న విద్య ఒంగోలు ఎండలో అక్కరకు వచ్చినది. ఆ మొదటి లెక్క తప్పినది ఇక్కడనే. ఏ చదువు వృథా అనుకొన్నారో ఆ చదువు వేలమందికి అన్నము పెట్టినది.

కాలువ గట్టున గుడిసెలు వేసుకొని వేలమంది దిగారు. పార, తట్ట పట్టి ప్రతి దినము కూలి తీసుకొన్నారు. బోధకులే మేస్త్రీలుగా నిలిచారు. కలరా వచ్చి గుడిసెలలో ప్రాణములు తీసినది. పని ఆగిన వేళ అలసిపోయి కూర్చున్నవారి పక్కన బోధకులు కూర్చుండి క్రీస్తును గూర్చి చెప్పారు.

ఈ చిత్రము మన కామాటిపురకు కొత్త కాదు. 19వ శతాబ్దములో హైదరాబాదు సంస్థానము నుండి నడచివచ్చి ఈ నగరపు కట్టడములకు రాయి, మట్టి మోసిన కామాటి కూలీల పేరే ఈ పేటకు నిలిచినది. పాలమూరు, నల్గొండ పల్లెల నుండి తర్వాత తరములలో వచ్చిన మనవారు కూడ అదే తట్ట నెత్తిన పెట్టుకొన్నారు. కాలువ గట్టున కూలి చేసినవారు మనకు పరాయివారు కారు.

ఆ పదిహేను నెలలు క్లౌ దొరగారు ఒక్కరికి కూడ బాప్తిస్మము ఇయ్యలేదు. అడిగినవారు లేక కాదు. కూటి కొరకు క్రైస్తవులైనారని ఎవరూ అనకూడదని, అసలు ఎవరూ అట్లు కాకూడదని ఆయన తలుపు మూసి ఉంచారు.

మూడు దినములు, ముప్పది ఏండ్లు

1878 నడిమికి కాలువ కూలి, కరువు సహాయము ముగిసినవి. దొరగారు తన బోధకులను ఒంగోలుకు ఉత్తరముగా, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లికి రమ్మని కబురు పంపారు. బోధకుల వెంట వేలమంది జనము వచ్చారు. సహాయము ఇక లేదని తిరిగి పొమ్మని చెప్పినా పోలేదు. మాకు సహాయము వద్దు, బాప్తిస్మము కావాలని బ్రతిమాలారు. బోధకులు ఒక్కొక్కరిని ఎరిగి, విచారించి, పేర్లు వ్రాశారు.

జూలై 2న 614 మంది, జూలై 3న 2,222 మంది, జూలై 4న 700 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మము పొందారు. మూడు దినములలో 3,536. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీటిలో దిగి, ఉదయము మొదలుపెట్టి మధ్యాహ్నము కొంత విరామము తీసుకొని, సాయంకాలమునకు ముగించారు. దొరగారు నీటిలో దిగలేదు, బాప్తిస్మము ఇచ్చినవారు మనవారే. ఆ సంవత్సరము చివరకు మొత్తము 9,606.

ఇది మూడవ లెక్క. ఇంత గొప్ప దినము ఒకటి వస్తే ఇక ఆ మనిషి జీవితమంతా పండుగయే అని మనము అనుకొంటాము. బడిలో ఈ కథ అక్కడితో ముగుస్తుంది. నిజమైన కథ అక్కడ మొదలైనది. అమెరికాలో కొందరు ఇంతమంది ఒకేసారి నిజముగా నమ్మగలరా అని అనుమానించారు. ఇక్కడ వందల పల్లెలలో చెదరి ఉన్న వేలమందికి కాపరులు లేరు, బడులు లేవు, చదవగలవారు అంతకన్న లేరు. ఆదివారము పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసము తినకూడదు, విగ్రహములకు మ్రొక్కకూడదు అని మూడు నియమములు పెట్టినందున పల్లె పెత్తందార్లతో తగాదాలు వచ్చినవి. అవి ప్రతి ఒక్కటి దొరగారి బంగళా మెట్ల మీదికే వచ్చినవి. 1880లలో ఒంగోలు సంఘము ఇరవై వేలు దాటినది. 1890 డిసెంబరు 28న ఒకే దినమున మరి 1,671 మంది చేరారు. ఆయన అమెరికా వెళ్ళి, ఊరూరా తిరిగి, 25 మంది కొత్త మిషనరీల కొరకును 50,000 డాలర్ల కొరకును వేడుకొనవలసి వచ్చినది.

సంతోషము అబద్ధమని మేము చెప్పుట లేదు. అయితే ఆ సంతోషము మనము ఊహించినట్టు ఒక దినపు శిఖరము మీద నిలిచి ఉండలేదు. అది మరునాటి పనిగా మారినది. బాప్తిస్మము పొందినవారి సంగతియు అంతే. నీటి నుండి లేచి ఇంటికి పోయినప్పుడు పాత గుడిసెయే, పాత కూలియే. మారినది వేరొకటి. పల్లెకు బడి వచ్చినది, పిల్లవాని చేతికి పలక వచ్చినది. తలవంచుకొని నడచినవాడు తల ఎత్తుట నేర్చినాడు. ఆ ఫలము ఒక్క దినమున కనబడలేదు, రెండు మూడు తరములు పట్టినది.

పరిశోధకులు కనుగొన్నది

వెల్లంపల్లికి సరిగ్గా నూరేండ్ల తర్వాత, 1978లో, అమెరికాలో ఫిలిప్ బ్రిక్‌మన్, ఆయన సహచరులు ఒక పరిశీలన ప్రకటించారు. పెద్ద లాటరీ గెలిచిన 22 మందిని, ప్రమాదములో అవయవములు చచ్చుబడిన 29 మందిని, మామూలుగా జీవించు 22 మందిని వారి సంతోషమును గూర్చి అడిగారు. అయిదింటికి కొలిస్తే లాటరీవారిది 4.00, మామూలువారిది 3.82. తేడా లెక్కకు వచ్చేది కాదు. పైగా చిన్న చిన్న దినచర్యలలో లాటరీవారికి కలిగే ఆనందము తక్కువ. ప్రమాదమునకు గురైనవారిది 2.96. వారు తక్కిన వారికన్న తక్కువ సంతోషముగానే ఉన్నారు, కాని మనము ఊహించు చీకటిలో లేరు.

1998లో డేనియల్ గిల్బర్ట్, తిమోతి విల్సన్ మొదలైనవారు విశ్వవిద్యాలయ ఉపాధ్యాయులను గూర్చి పరిశీలించారు. ఉద్యోగము పర్మనెంటు కాకపోతే ఏండ్ల తరబడి క్రుంగిపోతామని వారు ముందుగా అనుకొన్నారు. నిజముగా కానివారిని అడిగి చూస్తే, కొంతకాలము తర్వాత, అయినవారికిని కానివారికిని సంతోషములో పెద్ద తేడా కనబడలేదు. మనసు గాయమును మాన్చుకొను శక్తి మనలోనే ఉన్నది, కాని ముందుగా ఊహించునప్పుడు దానిని లెక్కలో వేయము అని వారు తేల్చారు.

అదే సంవత్సరము డేనియల్ కానమన్, డేవిడ్ ష్కేడ్ అనేవారు మంచి వాతావరణము గల కాలిఫోర్నియా విద్యార్థులను, చలి ఎక్కువగల మధ్య రాష్ట్రముల విద్యార్థులను పోల్చారు. కాలిఫోర్నియావారే ఎక్కువ సుఖపడుతున్నారని రెండు చోట్లవారు అనుకొన్నారు. కాని తమ జీవితమును గూర్చిన తృప్తి ఇద్దరిదీ సమానమే. ఒకే సంగతి మీద చూపు నిలిపినప్పుడు అది ఉన్నదానికన్న పెద్దదిగా కనబడుతుంది. ఊరివారికి బొంబాయి, బొంబాయివారికి ఊరు పెద్దగా కనబడుట ఇందుకే.

తరగతి గదిలో నల్లబల్ల మీద పెట్టి చెప్పినట్టు చెబితే, కారణములు మూడు. జరగబోవు దానినే చూస్తాము, దాని చుట్టూ యథాప్రకారము సాగు దినములను చూడము. సంతోషము అలవాటై చప్పబడుతుందని మరుస్తాము. దుఃఖములో తోడు వచ్చు బలమును, మనుష్యులను, దేవుని కృపను ముందుగా లెక్కించలేము.

తీరని దుఃఖములు కూడ ఉన్నవి

ఈ మాట విని అన్నీ సర్దుకొంటాయి అని చేతులు కట్టుకొని కూర్చొనుట తప్పు. కొన్ని దెబ్బలు సులభముగా మానవు. ఉద్యోగము పోవుట, భాగస్వామిని కోల్పోవుట, తీవ్రమైన అంగవైకల్యము చాలమందిని ఏండ్ల తరబడి వెంటాడునని తర్వాతి పరిశోధనలు చూపినవి. మనకు పుస్తకములు చూపనక్కరలేదు. 1982 జనవరి 18న మొదలైన మిల్లు సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది పని మానారు. వారిలో మన తెలుగువారు చాలమంది. ఎందరికో మిల్లు గేటు మరల తెరుచుకొనలేదు. ఒక్కసారి జరిగి అయిపోయిన నష్టము వేరు, ప్రతి ఉదయము మరల జరుగు నష్టము వేరు. ఆకలి, అప్పు, పని లేమి ప్రతి ఉదయము మరల జరుగుతాయి. వాటికి మనిషి అలవాటు పడడు.

క్లౌ దొరగారు కరువులో ఏమి చేశారో ఇక్కడ జ్ఞాపకము చేసుకోవాలి. ఆకలిగొన్నవారికి ఓర్చుకొనుడని బోధించి ఊరకుండలేదు. కాలువ కాంట్రాక్టు తీసుకొని కూలి ఇచ్చారు. ప్రసంగము తర్వాత వచ్చినది, బాప్తిస్మము ఇంకా తర్వాత వచ్చినది. సంఘములో ఒకనికి పని పోయినప్పుడు మనము చేయవలసినది ఇదే క్రమములో చేయాలి.

ఆగిన కాళ్ళు

నాలుగవ లెక్క ఆయన వృద్ధాప్యమునకు చెందినది. హ్యారియెట్ దొరసానిగారు గతించారు. 1894లో ఆయన, మిషనులో పని చేయుచుండిన ఎమ్మా రౌషెన్‌బుష్ గారిని వివాహము చేసుకొన్నారు. గుర్రము మీద, బండి మీద పల్లెలు తిరిగినవారికి చివరి సంవత్సరములలో తుంటి ఎముక విరిగి నడక పోయినది. తిరుగుటయే జీవితమైనవానికి ఇంతకన్న ముగింపు ఏమి కావాలి అని చూచువారికి అనిపించును.

కాళ్ళు ఆగిన తర్వాత ఆయన జ్ఞాపకములు కదలినవి. సర్వే గుంపు నుండి వెల్లంపల్లి వరకు తన జీవితమును భార్యతో చెప్పుకొంటూ వచ్చారు, ఆమె వ్రాశారు. 1910 నవంబరు 24న క్లౌ దొరగారు న్యూయార్కు రాష్ట్రములోని రోచెస్టర్ నగరములో ప్రభువునందు నిద్రించారు. ఆ పుస్తకము 1914లో అచ్చయినది. పేరయ్యగారి సంగతి, ఖాళీ అయిన బడి సంగతి, కాలువ గట్టు సంగతి ఈనాడు ఇంత వివరముగా మనకు తెలియుటకు ఆ పుస్తకమే ముఖ్య ఆధారము. ఆయన తిరుగుచూనే ఉండి ఉంటే దానిని వ్రాయించుటకు తీరిక ఎక్కడిది? ఒంగోలులో ఆయన పేరిట ఆసుపత్రి వెలసినది కూడ ఆయన వెళ్ళిన తర్వాతనే.

మనము చేయదగినది

యాకోబు పత్రిక నాలుగవ అధ్యాయములో, రేపు ఫలానా పట్టణమునకు పోయి లాభము సంపాదింతుమని చెప్పుకొనువారికి అపొస్తలుడు చేసిన హెచ్చరిక మనకు తెలుసు. రేపటిని గూర్చి ఏర్పాటు చేసుకోవద్దని దాని అర్థము కాదు. రేపు మన మనసు ఎట్లుంటుందో మనకు తెలుసునని గర్వించవద్దని అర్థము.

కాబట్టి ఖోలీ అమ్మే ముందు, ఊరికి తిరిగి పోయే ముందు, కొడుకును గల్ఫు విమానము ఎక్కించే ముందు, మేము సూచించునవి ఇవి. మొదటిది, ఆ దారిన ఇదివరకే పోయినవారిని అడగండి. విరార్‌కో, కల్యాణ్‌కో ఫ్లాటు కొనుక్కొని పోయినవారి ఇంటికి ఒక మామూలు దినమున వెళ్ళి, వారి ఉదయము ఎట్లు గడుస్తున్నదో చూడండి. స్వంత ఊహకన్న, అదే అనుభవము పొందిన పరాయివాని మాట ఎక్కువ నిజమవుతుందని గిల్బర్ట్ గారి బృందము 2009లో చూపినది. విచిత్రమేమనగా, పరిశీలనలో పాల్గొన్నవారు ఆ మాటను నమ్మలేదు. మనకు మన ఊహయే ముద్దు.

రెండవది, గృహప్రవేశపు దినమును కాక, దాని తర్వాత వచ్చే మామూలు మంగళవారమును ఊహించుకోండి. ఆ దినమున నీళ్ళు ఎన్ని గంటలకు వస్తాయి? లోకల్ బండిలో ఎంతసేపు నిలబడాలి? సాయంకాలము తలుపు తట్టి పలకరించేవారు ఎవరు? జ్వరము వస్తే గంజి తెచ్చిచ్చే పక్కింటి అమ్మ ఉంటుందా? సంతోషము ఎక్కువగా ఈ చిన్న సంగతులలోనే దాగి ఉన్నది. మనము లెక్కలు వేయునప్పుడు వీటినే మరచిపోతాము. చాల్‌లో ఇరుకున్నది, మోరీ దగ్గర తగాదా ఉన్నది, అది నిజమే. ఫ్లాటు వద్దని మేము చెప్పము. పిల్లలకు గాలి, వెలుతురు, శుభ్రమైన పాయిఖానా ప్రతి దినము అక్కరకు వచ్చేవే, కాబట్టి అవి తప్పక కోరదగినవే. పోవునప్పుడు వదిలిపెట్టుచున్నదేమో కూడ ఎరిగి పోవాలని మాత్రమే చెప్పుచున్నాము.

మూడవది, భయపడినది జరిగినప్పుడు తొందరపడి తీర్పు చెప్పుకోకండి. పరీక్ష తప్పిన బిడ్డకు, సంబంధము తప్పిపోయిన ఆడపిల్లకు, ఉద్యోగము రాని యువకునికి లోకము అక్కడితో ముగిసినట్టు కనబడుతుంది. ఆ రాత్రి కనబడునది పోయినది మాత్రమే, ఒంగోలు బడి ఖాళీ అయిన సాయంకాలము వలె. అటువంటి ఇంటికి సంఘము నుండి ఇద్దరు వెళ్ళి కూర్చుంటే చాలును. బోధ చేయనక్కరలేదు. కొందరు పిల్లలు ఆ ఒక్క రాత్రి ఒంటరిగా ఉన్నందుననే మనకు దక్కకుండ పోయారు.

వచ్చే మాసపు ఆదివారపు బడిలో 2,222 అంకె చెప్పించునప్పుడు, దానితో కూడ ఖాళీ బడిని, కాలువ పనిని, విరిగిన తుంటిని కూడ పిల్లలకు చెప్పవలెనని ఉపాధ్యాయులను కోరుచున్నాము. అన్నిటిలోను సంతృప్తి కలిగియుండుట పౌలు భక్తుడు సహితము నేర్చుకొనవలసి వచ్చినది. మనకును, మన పిల్లలకును ప్రభువు దానిని నేర్పును గాక. ఆమేన్.